బెదిరిన జనాన్ని నిందించే ముందు

బోరబండ: 2020 అక్టోబరు మొదటి వారంలో హైదరాబాద్‌లోని బోరబండ ప్రజలకు కంటిమీద కునుకు లేకుండా పోయింది. రాత్రివేళ భూమి లోపలి నుంచి పెద్ద శబ్దాలు వినిపించాయి. ఇళ్లు స్వల్పంగా అదిరాయి. జనం పిల్లాపాపలతో వీధుల్లోకి పరుగులు తీశారు. అప్పటికే కరోనా భయంతో గుంపుగా చేరడానికి జంకుతున్న రోజులవి. అయినా ఇంట్లో ఉండటానికి ధైర్యం చాలలేదు.

ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు బోరబండకు వచ్చి ప్రకంపనలను కొలిచే పరికరాలు అమర్చారు. ఇవి చాలా చిన్న ప్రకంపనలని, రిక్టర్ కొలమానంపై 2 కన్నా తక్కువేనని తేలింది. ఆ ఏడాది కురిసిన భారీ వర్షాలకు నీరు రాతి పగుళ్లలోకి దిగి, లోపలి ఒత్తిడిలో మార్పు వచ్చినందువల్లే ఈ అదురు, ఈ శబ్దాలు అని శాస్త్రజ్ఞులు వివరించారు. పెద్ద భూకంపం వస్తుందని భయపడనక్కరలేదని చెప్పారు. బోరబండ పేరులోనే బండ ఉంది. గట్టి రాతి నేలలో, పైపొరకు దగ్గరలో పగులు కదిలితే అదురు కొద్దిగా ఉన్నా చప్పుడు మాత్రం గట్టిగా వినిపిస్తుంది.

భూమి ఎందుకు అదిరిందో అలా తెలిసింది. మరి మనుషులు ఎందుకు అంతగా బెదిరారు? ఈ ప్రశ్నకు దూరాన ఉన్నవారి దగ్గర ఎప్పుడూ ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. "చదువు లేని జనం, పిరికి జనం, ఏది చెప్పినా నమ్ముతారు" అనేస్తారు. బస్తీ జనం గురించి పట్నం వారు, పల్లె జనం గురించి బస్తీ వారు, కూలీల గురించి భూములున్నవారు ఈ మాటే అంటుంటారు. ఈ సమాధానంలో న్యాయం ఎంత ఉందో అందరూ ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

మనకొక కొలత, ఎదుటివారికొక కొలత

మన చేను ఎండితే వాన లేక ఎండిందంటాం. పక్కవాడి చేను ఎండితే వాడికి సేద్యం చేతకాదంటాం. మన పిల్లవాడు పరీక్ష తప్పితే ప్రశ్నపత్రం కష్టంగా వచ్చిందంటాం. పొరుగింటి పిల్లవాడు తప్పితే వాడికి చదువు మీద ధ్యాస లేదంటాం. మన అప్పుకు కారణం బోరు పడకపోవడం, ఎదుటివాడి అప్పుకు కారణం దుబారా. తన పనికి పరిస్థితిని, ఎదుటివాడి పనికి వాడి గుణాన్ని కారణంగా చూపడం మనిషికి వెన్నతో పెట్టిన విద్య.

దీన్ని మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. 1967లో అమెరికాలో జోన్స్, హారిస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు క్యూబా నాయకుడు కాస్ట్రోను సమర్థిస్తూ, విమర్శిస్తూ రాసిన వ్యాసాలను విద్యార్థుల చేత చదివించారు. రాసినవారు సొంత ఇష్టంతో రాయలేదని, ఏ పక్షాన రాయాలో వేరేవారు చెప్పారని ముందే తెలియజేశారు. అయినా చదివినవారిలో ఎక్కువమంది వ్యాసంలో ఉన్నదే రాసినవారి మనసులోని మాట అనుకున్నారు. వీధి నాటకంలో దుర్యోధనుడి వేషం కట్టినవాడిని మర్నాడు సంతలో చూసి దుర్మార్గుడనుకోవడం వంటిదే ఇది. 1977లో లీ రాస్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని ఎదుటివారి నడతకు కారణం చెప్పడంలో మనిషి చేసే మూలమైన పొరపాటుగా పేర్కొన్నాడు.

బోరబండ విషయంలోనూ ఇదే చూపు మార్చుకోవాలి. కొండ వాలులో ఇరుకిరుకు సందులు, ఒకదానికొకటి ఆనుకుని కట్టిన ఇళ్లు. వేరే ఊళ్ల నుంచి బతుకుదెరువుకు వచ్చి కూలినాలి చేసుకునే కుటుంబాలు ఎన్నో. చీకట్లో కాళ్ల కింద నేల ఉరిమింది. ఏమిటో చెప్పేవారు ఆ క్షణాన లేరు. గోడ మీద పడితే చూసుకునే దిక్కు లేదు. అటువంటి చోట ఎంత చదివినవాడిని నిలబెట్టినా పరుగే తీస్తాడు. ఆ పరుగుకు కారణం వారి గుణంలో కన్నా, వారు నిలబడిన చోటులోనే ఎక్కువగా ఉంది.

భయానికి కారణం కావాలి

గుండె ముందు దడదడలాడుతుంది. ఎందుకు దడ అన్న ప్రశ్న ఆ తర్వాత పుడుతుంది. తగిన జవాబు దొరక్కపోతే మనసు ఊరుకోదు, తానే ఒకటి కల్పించుకుంటుంది. పుకారు పుట్టేది ఇక్కడే.

దీనికి మన దేశంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1934 జనవరి 15న బీహార్‌లో, నేపాల్‌లో భయంకరమైన భూకంపం వచ్చి 10 వేల మందికి పైగా మరణించారు. అదురు తెలిసినా పెద్దగా నష్టం జరగని ప్రాంతాల్లో వ్యాపించిన పుకార్లను జమునా ప్రసాద్ అనే భారతీయ శాస్త్రజ్ఞుడు శ్రద్ధగా సేకరించి 1935లో ప్రకటించాడు. పెద్ద తుఫాను రాబోతున్నదని, చంద్రగ్రహణం నాడు మళ్లీ భూకంపం వస్తుందని, ఫలానా రోజున ప్రళయమేనని జనం చెప్పుకున్నారు. ధైర్యం చెప్పే మాటలు కాక, ఇంకా భయపెట్టే మాటలే ఎందుకు పుట్టాయి?

అమెరికా శాస్త్రజ్ఞుడు లియోన్ ఫెస్టింగర్‌ను ఈ ప్రశ్నే పట్టుకుంది. ఆ జనం చుట్టూ చూస్తే అంతా బాగానే ఉంది, కాని లోపల భయం పోలేదు. కంటికి కనిపించేదానికీ మనసులో ఉన్నదానికీ పొసగలేదు. భయాన్ని పోగొట్టుకోలేనప్పుడు, భయానికి తగిన కారణాన్ని వెతుక్కున్నారు. ఆ పుకార్లు కొత్తగా భయం పుట్టించడానికి వచ్చినవి కావు, ఉన్న భయానికి న్యాయం చెప్పడానికి వచ్చినవని ఆయన భావించాడు. మనసులోని పొసగనితనం గురించి 1957లో ఆయన రాసిన పుస్తకం ప్రపంచమంతటా పేరు పొందింది. దానికి ఒక బీజం మన బీహార్ జనం మాటల్లో దొరికిందంటే ఆశ్చర్యమే.

దుర్గానంద్ సిన్హా అనే మరో భారతీయ శాస్త్రజ్ఞుడు డార్జిలింగ్‌లో 1950లో కొండచరియలు విరిగిపడినప్పటి మాటలను పరిశీలించాడు. అక్కడ నష్టం కళ్లెదుటే ఉంది. అందువల్ల రాబోయే ఘోరాలను గురించిన అటువంటి పుకార్లు అక్కడ పుట్టలేదు. భయానికి కారణం ఎదురుగా ఉన్నప్పుడు కల్పించుకునే పని లేదు కదా.

కారణం వెతకడంలో పామరులు, పండితులు అన్న తేడా కూడా లేదు. బీహార్ భూకంపం అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని మహాత్మా గాంధీ అన్నారు. ప్రకృతిలో జరిగేదానికి అలా కారణం చెప్పరాదని రవీంద్రనాథ్ ఠాగూర్ బహిరంగంగా ఖండించారు. అంతటి మహనీయుల మధ్యనే భిన్నాభిప్రాయం వచ్చినప్పుడు, అర్ధరాత్రి వీధిలో నిలబడ్డ బస్తీవాసి తనకు తోచిన కారణం చెప్పుకోవడంలో వింత ఏముంది?

ఈ చూపు మనకు కొత్త కాదు

1984లో జోన్ మిల్లర్ అనే పరిశోధకురాలు చికాగో నగరంలోని వారిని, మన పొరుగున ఉన్న మైసూరు వారిని పోల్చి చూసింది. తెలిసినవారు చేసిన మంచిచెడు పనులకు కారణం చెప్పమంటే, అమెరికా పెద్దలు ఎక్కువగా మనిషి స్వభావాన్ని చూపారు. మైసూరు పెద్దలు ఎక్కువగా పరిస్థితిని, బంధుత్వాన్ని, బాధ్యతలను చూపారు. గమనించవలసిందేమంటే చిన్నపిల్లల్లో ఈ తేడా పెద్దగా లేదు. వయసుతోపాటు పెరిగింది. అంటే ఎదుటివారిని ఏ చూపుతో చూడాలో పెద్దలను చూసి పిల్లలు నేర్చుకుంటారు.

వాడి ఇంటి పరిస్థితి అటువంటిది, పాపం ఏం చేస్తాడు అనే మాట మన పల్లెల్లో అరుగుల మీద విన్నదే. ఆ మాటను మన కులం వారికి, మన వాడ వారికి మాత్రమే దాచిపెట్టుకుని, ఇతరుల దగ్గరకు వచ్చేసరికి గుణం ఎంచడం శోచనీయం.

అలాగని అన్ని తప్పులనూ పరిస్థితి మీదికి నెట్టడం కూడా సరికాదు. భయపడటం వేరు, తెలిసి తెలిసి అబద్ధాన్ని పదిమందికి పంపడం వేరు. 1934లో పుకారు నోటి మాటగా నడిచింది, నేడు వాట్సాప్‌లో ఎగురుతున్నది. ఎవరు చెప్పారో తెలియని మాటను ముందుకు పంపేవాడు పరిస్థితి పేరు చెప్పి తప్పించుకోలేడు. అధికారులకూ న్యాయం చేయాలి. పరికరాలు పెట్టి కొలవకుండా కారణం చెప్పమంటే శాస్త్రజ్ఞుడు చెప్పలేడు. అయితే "ఇంకా తెలియదు, పరిశీలిస్తున్నాం, అందాకా ఇలా చేయండి" అని వెంటనే చెప్పవచ్చు. ఆ ఒక్క మాట లేని చోటనే పుకారు రాజ్యమేలుతుంది.

గేలి చేస్తే నష్టం ఎవరికి?

భయపడినవారిని నలుగురిలో నవ్వులపాలు చేస్తే జరిగేదొక్కటే. ఈసారి అదిరినా వారు బయటికి రారు, పక్కవారికి చెప్పరు, అధికారులకు కబురు చేయరు. పిరికివాడు అనిపించుకోవడం కన్నా ఇంట్లో పడి ఉండటమే మేలనుకుంటారు. అన్నిసార్లూ అదురు బోరబండలో వచ్చినంత చిన్నదిగా ఉండదు. దక్కన్ నేల గట్టిదని, ఇక్కడ పెద్ద భూకంపాలు రావని ధీమాగా ఉన్న కాలంలోనే 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో భూమి కంపించింది. మట్టితో, రాళ్లతో కట్టిన ఇళ్లు కూలి నిద్రలో ఉన్నవారు వేల సంఖ్యలో మరణించారు. 2024 డిసెంబరు 4న ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం తెలంగాణలో చాలాచోట్ల తెలిసింది. కొలమానంపై ఒక్క అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. కాబట్టి 2కు, 5కు మధ్య తేడా చిన్నది కాదు.

భయపడినవారిని తిట్టడం మాని, భయపడినప్పుడు ఏం చేయాలో నేర్పాలి. నేల అదురుతున్నప్పుడు మెట్ల మీద, ఇరుకు సందుల్లో పరుగెత్తరాదు. గట్టి బల్ల కింద చేరి తల కాపాడుకోవాలి. కిటికీలకు, అటకల మీది సామానుకు దూరంగా ఉండాలి. అదురు ఆగాక గోడలకు, కరెంటు తీగలకు ఎడంగా ఆరుబయటికి రావాలి. ఆ సంగతులు బడిలో పిల్లలకు, గ్రామసభలో పెద్దలకు చెప్పడానికి ఖర్చేమీ కాదు.

ప్రతి మండలంలో ఇటువంటి వేళ ఎవరు మాట్లాడాలో ముందే నిర్ణయించి ఉంచాలి. తహసీల్దారు గాని, పంచాయతీ కార్యదర్శి గాని గంటలోపల మైకు పట్టుకుని తెలిసినది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు చెప్పాలి. ఇక ప్రజలుగా చేయవలసింది ఒకటుంది. పొరుగువాడు వింతగా ప్రవర్తించినప్పుడు, వాడు ఎటువంటివాడని అడిగే ముందు వాడికి ఏం జరిగిందని అడగాలి. మొదటి ప్రశ్న అడిగితే వాడి మీద ఒక ముద్ర పడుతుంది, అంతే. రెండో ప్రశ్న అడిగితే వాడి ఇంటి గోడ బీటలు వారిన సంగతి ఊరికంతటికీ సకాలంలో తెలుస్తుంది.