ఎవరూ లేని నేలని ఎవరన్నారు?

అనంతపురం నేలను చూసి ‘ఇక్కడేముంది, అంతా బీడేగా’ అనేవాళ్ల మాట వింటే ఒళ్లు మండుతుంది. మ్యాపు ముందేసుకుని, పైరు లేని చోటల్లా గీత గీసి, బంజరు అని రాసి, ప్రాజెక్టుకు అప్పగించేస్తారు. ఆ గీత లోపల ఏ పిట్ట గుడ్లు పెడుతుందో, ఏ చెరువు నుంచి ఏ చెరువుకు గుంపులు ఎగిరిపోతాయో అడిగే నాథుడు లేడు.

చిలమత్తూరు మండలం వీరాపురం వెళ్లి చూడండి. సంక్రాంతి దాటాక ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. ఊరవతల కాదు, ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఎండలు ముదిరాక గూటి మీద ఆకు నీడ కూడా ఉండదు. పెద్ద కొంగ రెండు రెక్కలూ విప్పి, ముక్కు తెరుచుకుని, గొంతు అదురుతుండగా పిల్లలకు నీడపట్టి నిలబడుతుంది. రెండోది చెరువుకు పోయి, చేపలు మింగి తెచ్చి గూట్లో కక్కుతుంది. కింద వాకిట్లో రెట్టలు, చేపల నీచు. అయినా ఊరివాళ్లు విసుక్కోరు. పురుటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలంటారు. గూళ్లున్న కొమ్మ నరకరు. పిల్ల జారిపడితే తీసి సాకుతారు. వానకు మొహం వాచిన ఊళ్లో ఇంత కడుపుతీపి ఉంది. మరి ప్రభుత్వాలకేమైంది?

వీటిని సైబీరియా కొంగలని అంటుంటారు గానీ ఇవి మన ఉపఖండం పక్షులే. నీళ్లున్న చోటికల్లా పోతాయి, గూళ్ల కాలానికి తిరిగొస్తాయి. కాబట్టి వీరాపురంలో చెట్లను కాపాడినంత మాత్రాన సరిపోదు. చుట్టుపక్కల చెరువులూ కుంటలూ బతకాలి, వాటి మధ్య దారి బతకాలి. ఆ చుట్టుపక్కలే, చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో, లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట 8,844 ఎకరాలు తీసుకున్నారు. ఎకరాల గురించి, ధరల గురించి, కేసుల గురించి, వేలం గురించి ఇన్నేళ్లుగా వింటూనే ఉన్నాం. అక్కడి కుంటల్లో మేసే పక్షుల గురించి ఒక్క నాయకుడి నోట ఒక్క మాట నేను వినలేదు.

చట్టం ఉంది కదా అంటారు. ఏ చట్టం? 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు సాగునీటి కోసం కట్టిన చెరువులను లెక్కలోకే తీసుకోవు. అనంతపురంలో చెరువంటేనే సాగు కోసం రాజులూ రైతులూ కట్టుకున్నది! బుక్కపట్నం చెరువైనా, శింగనమల చెరువైనా అంతే. ఇక 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో సౌర విద్యుత్తూ లేదు, పవన విద్యుత్తూ లేదు, ఆ కరెంటును మోసే హైటెన్షన్ లైన్లూ లేవు. కరువు సీమకు వచ్చిపడుతున్నవేమో సరిగ్గా అవే. రామగిరి గుట్టల మీద, ఉరవకొండ, బెళుగుప్ప వైపు గాలిమరలు. నంబులపూలకుంటలో వేల ఎకరాల సోలార్ పలకలు. వీటి వల్ల పక్షులకేమవుతుందో అంచనా వేయాలని గానీ, జనాన్ని పిలిచి అభిప్రాయం అడగాలని గానీ ఆ నోటిఫికేషన్ చెప్పదు.

చలికాలంలో కజకిస్తాన్ గడ్డిమైదానాల నుంచి పిల్లి గద్దలు ఈ మెట్టల మీదికి వస్తాయి. పగలంతా పొలాల మీద తక్కువ ఎత్తులో తిరిగి మిడతల్ని తింటాయి. రాత్రికి ఏ చెట్టూ ఎక్కవు, ఎదిగిన గడ్డిలో నేల మీదే గుంపుగా పడుకుంటాయి. ఆ గడ్డినే మనం ఖాళీ భూమి అంటున్నాం. గుట్ట అంచున పైకి లేచే గాలి గద్దకు కావాలి, గాలిమరకూ అదే కావాలి. ఇద్దరూ ఒక్కచోటే తారసపడతారని తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఇక కొంగలాంటి బరువైన పక్షికి కరెంటు తీగ కనబడేలోగా పక్కకు తిరిగే వ్యవధే ఉండదు. తీగలు కనబడేలా బిళ్లలు తగిలించినా కొన్ని ప్రాణాలు దక్కుతాయి. ఆ మాత్రానికీ చేతులు రావా?

2020 ఫిబ్రవరిలో గాంధీనగర్‌లో వలస జీవుల అంతర్జాతీయ సదస్సు మన దేశమే జరిపింది. బట్టమేక పిట్టనే బొమ్మగా పెట్టుకుంది. ఆ బట్టమేక కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన మన రోళ్లపాడులో ఇప్పుడది కనబడటమే లేదు. గడ్డి నేలను పనికిరాని నేలగా చూసిన ఫలితం కళ్లెదుటే ఉంది. అటు సోంపేటలో బీలను, నీళ్లతో చేపలతో పక్షులతో నిండిన తడినేలను, బంజరుగా చూపి థర్మల్ కేంద్రానికి ఇచ్చారు. జనం అడ్డం తిరిగితే, 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చచ్చిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. కాగితం మీద ఒక అబద్ధం రాస్తే ఎంత దూరం పోతుందో ఇంతకంటే చెప్పాలా?

‘మనుషులకే తాగునీళ్లు లేవు, పిట్టల గోలేంది’ అని కసురుతారు. బతుకుదెరువు కోసం జనం బెంగళూరు బస్సెక్కే జిల్లాలివి. పరిశ్రమ వద్దనే హక్కు ఎవరికీ లేదు, నేనూ వద్దనడం లేదు. కానీ కొంగ దిగే చెరువు కింద భూములు తడుస్తాయి, బోరు బతుకుతుంది, గొర్రెలు నీళ్లు తాగుతాయి. పిట్ట రాని చెరువు రైతుకు మాత్రం ఏమిచ్చింది?

మేం అడుగుతున్నది గొంతెమ్మ కోరికేం కాదు. స్థలం ఖరారు చేసేముందు ఒక్క ఏడాది, చలికాలమూ గూళ్ల కాలమూ కలిసేలా, పక్షుల లెక్క తీయండి. ఆ లెక్క గ్రామసభలో తెలుగులో చదవండి. చెరువు మీదుగా లైను వెయ్యకండి, గూళ్ల దగ్గరైతే భూమిలోంచి తీసుకెళ్లండి. గద్దలు పడుకునే గడ్డిని వదిలి పక్క సర్వే నంబరుకు జరగండి. సాగునీటి చెరువులను చిత్తడి నేలల నిబంధనల్లోకి తీసుకురండి. అనంతపురం, పుట్టపర్తి కలెక్టర్లు ఈ లెక్క లేని ఏ ఫైలు మీదా సంతకం పెట్టకూడదు. పెడితే, ఎందుకు పెట్టారో వీరాపురం రచ్చబండ దగ్గరికొచ్చి ఆ ఊరివాళ్ల ముందు నిలబడి చెప్పాలి.