కమాండ్ లైనునందు దగ్గరి దారులు

కంప్యూటరు గదిలో మౌసును ప్రక్కకు నెట్టి, నల్లతెరపై ఆజ్ఞలు వ్రాయు పద్ధతిని పిల్లలకు నేర్పుట వృథాశ్రమయని తలిదండ్రులలో కొందరు తలంచుచున్నారు. పరీక్షలో రాని విద్య యెందుకనియు, షార్ట్‌కట్టులను పేర అడ్డదారులు నేర్పవచ్చునా యనియు వారు మమ్ము అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే. లెక్క చేయక జవాబును చూచి వ్రాయుట అడ్డదారి. చేయవలసిన పనినంతయు చేయుచు, వ్రేళ్ల వృథాప్రయాణమును మాత్రము తగ్గించుకొనుట అడ్డదారి యెట్లగును?

కమాండ్ లైననగా, బొమ్మలును గుర్తులును లేని తెరపై మనము పంక్తి పంక్తిగా వ్రాయు ఆజ్ఞను యంత్రము చదివి నెరవేర్చు పద్ధతి. పాతబడిన కంప్యూటరుపైనను ఇది చక్కగా నడచును. లినక్సు యంత్రములలో ఈ ఆజ్ఞలను గ్రహించు బాష్ అను ప్రోగ్రామును బ్రయన్ ఫాక్స్ అను నతడు 1989లో వెలువరించెను. అందలి సవరణ మీటలలో పెక్కు అంతకు పూర్వమే, 1976లో అమెరికాలోని ఎం.ఐ.టి. యందు పుట్టిన ఈమాక్స్ అను వ్రాతసాధనమునుండి వచ్చినవి. యంత్రములు ఎన్ని మారినను ఈ మీటలు మారలేదు. నేడు ఎనిమిదవ తరగతిలో నేర్చినది రేపు ఉద్యోగములోను పనికివచ్చును.

మేము దీనికై పట్టుబట్టుటకు వేరొక కారణము గలదు. ముప్పావుగంట పీరియడులో ఒక్క యంత్రము ముందు ముగ్గురు కూర్చుండగా ఒక్కొక్కరికి దక్కునది పావుగంట. ఇంట కంప్యూటరు గల బాలుడు మిగిలిన పనిని ఇంట ముగించుకొనును. ఇరకము దీవినుండి పడవపై ప్రళయకావేరి దాటి వచ్చు బాలిక బడి విడిచిన పిదప నిలిచి పని చేసికొందమన్నను పడవ ఆగదు. ఆమెకు ఆ పావుగంటయే సర్వస్వము. దీర్ఘమైన ఆజ్ఞలో మొదటి అక్షరమే తప్పినదని గ్రహించి, బాణపు మీటను నలుబది మారులు నొక్కుచు ఆమె వెనుకకు పోవుచుండగా చూచుట మాకు కష్టముగా నున్నది. కంట్రోల్ మీటను పట్టి ఎ నొక్కిన పంక్తి మొదటికి, ఇ నొక్కిన చివరకు ఒక్క పెట్టున పోవచ్చును. డబ్ల్యు నొక్కిన వెనుకటి మాట తొలగును. యు నొక్కిన ఉన్నచోటినుండి పంక్తి మొదటివరకు తొలగును. పొరపాటున తొలగించినదానిని వై మరల తెచ్చి యిచ్చును.

అన్నిటికంటె మేము మెచ్చునది ట్యాబ్ మీట. ఫైలు పేరులో రెండు మూడక్షరములు వ్రాసి దానిని నొక్కిన, తక్కిన పేరును యంత్రమే పూరించును. పూరింపకున్నచో అట్టి పేరు గలది అచ్చట లేదనియో, ఆ యక్షరములతో మొదలగునవి పెక్కు గలవనియో తెలిసికొనవలెను. ఇంగ్లీషు వర్ణక్రమమునకు భయపడు పిల్లలకు ఇది చేయూత; వేగముతోబాటు తప్పును గూడ పట్టియిచ్చును.

ఒక చిక్కు మాత్రము ముందే చెప్పవలెను. ఇతర ప్రోగ్రాములలో కంట్రోల్‌తో ఎస్ నొక్కిన వ్రాసినది భద్రమగును. ఇచ్చట అదే నొక్కిన తెర శిలవలె నిలిచిపోవును. యంత్రము చెడినదని పిల్లలు కన్నీరు పెట్టుకొందురు. కాగితముపై అచ్చువేయు పూర్వపు టెలిటైపు యంత్రములకు ఆగుమని చెప్పు సంకేతమది. క్యూ నొక్కిన మరల కదలును.

గోడకు నూరు మీటల పట్టిక నంటించి చదివించుటవలన ఫలము లేదు. తలిదండ్రులలో టైపు ఇన్‌స్టిట్యూటుకు పోయి లోయరు, హయ్యరు పరీక్షలు వ్రాసినవారు కలరు. ఇంగ్లీషులో నిమిషమునకు 30 మాటలు, ఆపై 45 మాటలు వారు పట్టికను చూచి సాధింపలేదు. అవే వరుసలను దినదినము కొట్టి సాధించిరి. ఆరాధనలో హార్మోనియము వాయించు బాలుడును మెట్లవంక చూడడు గదా.

అయినను వార్షికోత్సవమున వేగపు పందెము పెట్టి బహుమతి నీయవలెనను సూచనకు మేము సమ్మతింపము. కంట్రోల్‌తో ఆర్ నొక్కి పూర్వము వ్రాసిన ఆజ్ఞను వెదకి తెచ్చుకొనవచ్చును, మంచిదే. కాని తెచ్చినదానిని చదువకయే ఎంటర్ నొక్కిన, అది ఫైళ్లను తుడుచు ఆర్.ఎం. ఆజ్ఞయైనచో, తుడిచినవి చెత్తబుట్టలోనికైనను పోవు, బొత్తిగా పోవును. మీటలవలన మిగిలిన క్షణములను ఎంటరుకు ముందు పంక్తిని ఒకమారు చదువుటకై వెచ్చింపవలెను. పందెమునందు ఆ చదువుటకు తావు లేదు.

రాబోవు జూను మాసమునుండి ఎనిమిదవ తరగతికి వారమునకు రెండు మీటలకు మించక నేర్పవలెనని మా కోరిక. టైపు నేర్చిన తలిదండ్రులెవరైనను శనివారమున వచ్చి పిల్లల వ్రేళ్లను సరిదిద్దినచో మిక్కిలి సంతోషింతుము. పడవపై వచ్చువారికి యంత్రము ముందు మొదటి వంతు నీయవలెను.