ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలగలేదు

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర. భోజనాల బల్ల మీద కొత్త కంప్యూటర్. మా అబ్బాయి బటన్ నొక్కాడు. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి, లోపల రంగు దీపాలు వెలిగాయి. మానిటర్ మాత్రం నల్లగానే ఉంది. కాసేపటికి "నో సిగ్నల్" అని ఒక్క ముక్క చూపించి, అదీ ఆరిపోయింది.

వాడు సెకండరీ త్రీ. తాతగారు పుట్టినరోజులకి ఇచ్చినవీ, చైనీస్ న్యూ ఇయర్‌కి పక్కింటివాళ్లు ఇచ్చిన హాంగ్‌బావ్ కవర్లూ రెండేళ్లు దాచుకున్నాడు. తక్కువపడింది మేం వేశాం. మొత్తం పదమూడు వందల డాలర్ల పైచిలుకు. అందులో గ్రాఫిక్స్ కార్డుదే మూడో వంతు. "హాయిగా ల్యాప్‌టాప్ కొనుక్కోరా, ఇది పాడైతే నన్నడగకు" అని మా వారు ముందే అన్నారు. ఆ రాత్రి ఆయన ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే వాడికి ఎక్కువ తగిలింది.

"కార్డు పోయిందమ్మా" అన్నాడు, గొంతు పూడుకుపోయి.

"ఎలా తెలుసు?" అన్నాను.

తెలియదు. అన్నిటికంటే ఖరీదైనది అదే కాబట్టి అనుమానం దాని మీదకే పోయింది. మనమూ అంతే కదా, మిక్సీ తిరగకపోతే ముందు మోటారు కాలిపోయిందనే అనుకుంటాం. జార్ సరిగ్గా కూర్చోలేదేమో అని తర్వాత చూస్తాం.

నాకు గ్రాఫిక్స్ కార్డుల గురించి ఏమీ తెలియదు. కానీ డిపెండెంట్ పాస్ మీద ఇక్కడికి రాకముందు హైదరాబాదులో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. ఆ ఉద్యోగం నేర్పినవి రెండే ముక్కలు. ఖర్చు లేనిది ముందు చూడు. ఒక్కసారికి ఒక్కటే మార్చు. వంటింట్లో సరుకుల జాబితా రాసుకునే కాగితం తెచ్చి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

మొదటిది కేబుల్. కంప్యూటర్ వెనకవైపు చూస్తే హెచ్‌డీఎంఐ దూరే చోట్లు రెండు కనిపించాయి. పైన మదర్‌బోర్డుది, కింద అడ్డంగా ఉన్నది గ్రాఫిక్స్ కార్డుది. వీడు పైదాంట్లో పెట్టాడు. ప్రాసెసర్ డబ్బా తెమ్మన్నాను. ఇంటెల్ 12400ఎఫ్. ఆ చివరి "ఎఫ్" అక్షరం ఉందంటే ఆ ప్రాసెసర్‌లో బొమ్మ చూపించే భాగం లేదని అర్థం. అందుకే కాస్త చవక. అప్పుడు మదర్‌బోర్డుకి ఆ సాకెట్ ఉన్నా అలంకారమే, అందులోంచి ఏమీ రాదు. కొత్తగా కంప్యూటర్ కట్టేవాళ్లు అందరికంటే ఎక్కువగా పడే గొయ్యి ఇదేనట. కేబుల్ కిందికి మార్చాం. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ కూడా సరిచూశాం.

అయినా నలుపే. వాడి మొహం మళ్లీ పడిపోయింది. నేను కాగితం మీద ఒక గీత కొట్టేశాను. "ఒక కారణం పోయింది, అంతే" అన్నాను.

రెండోది, మదర్‌బోర్డు ఏం చెబుతోందో వినడం. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి ఒక మూల నాలుగు చిన్న దీపాలుంటాయి. సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని పక్కనే చిన్న అక్షరాలు. ఆన్ చేసినప్పుడు ఒక్కోటీ వెలిగి ఆరిపోవాలి. ఏది వెలిగి ఉండిపోతే తగాదా అక్కడ. మాకు వీజీఏ ఉండిపోయింది. అంటే ర్యామ్ దాకా అంతా బాగానే ఉంది, కార్డు మాత్రం బోర్డుకి కనిపించడం లేదు.

"చూశావా, కార్డే!" అన్నాడు.

"కనిపించట్లేదంది. చచ్చిపోయిందనలేదు" అన్నాను.

మూడోది కరెంటు. స్లాటు నుంచి కార్డుకి అందేది 75 వాట్లే. అంతకంటే ఎక్కువ తినే కార్డులకి పవర్ సప్లై నుంచి విడిగా తీగ ఇవ్వాలి. ప్రాసెసర్ తీగ కూడా చూడ్డానికి ఇలాగే ఎనిమిది పిన్నులతో ఉంటుంది. కానీ అది నాలుగూ నాలుగుగా విడిపోతుంది, కార్డుది ఆరూ రెండుగా. ఒకటి పట్టకపోతే బలవంతంగా దూర్చకూడదు. మాది సరిగ్గానే ఉంది. ఇంకో గీత.

నాలుగోది, కార్డు కూర్చున్న తీరు. గోడ దగ్గర స్విచ్ కట్టేసి, ప్లగ్గు పీకేసి, మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకున్నాం. చేతికున్న స్టాటిక్ పోవడానికి కేసు ఇనుము ముట్టుకున్నాం. టార్చ్ వేసి పక్కనుంచి చూస్తే తెలిసింది. కార్డు వెనక చివర నూలుపోగంత పైకి లేచి ఉంది. వీడు కార్డు పూర్తిగా దిగకముందే ముందువైపు స్క్రూ బిగించేశాడు. ఆ బిగువుకి రెండో చివర లేచింది.

స్క్రూ విప్పి, స్లాటు చివరున్న చిన్న మీట నొక్కి, కార్డు తీసి, మళ్లీ నిటారుగా నొక్కమన్నాను. ఈసారి "టక్" మంది. ఆ తర్వాతే స్క్రూ.

పదకొండుంబావుకి తెర మీద బోర్డు కంపెనీ బొమ్మ వచ్చింది. వాడు "యెస్!" అని అరిస్తే మా వారు గదిలోంచి బయటికొచ్చారు. "అమ్మ కనిపెట్టింది నాన్నా" అన్నాడు. "మీ అమ్మ ఉద్యోగం అదే కదరా" అన్నారాయన. ఆ మాట ఈ ఇంట్లో విని చాలా ఏళ్లైంది.

మీ ఇంట్లో ఇంకోలా ఉండొచ్చు. డీర్యామ్ దీపం వెలిగి ఉంటే ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా పెట్టండి, ఒక్క పలకతో ప్రయత్నించండి. డీడీఆర్5 ర్యామ్ అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉండటం మామూలే, కంగారుపడి ఆపేయకండి. కంపెనీ బొమ్మ వచ్చి, విండోస్ మొదలయ్యాక నల్లబడితే చాలాసార్లు అది డ్రైవర్ గొడవ. సేఫ్ మోడ్‌లో తెరిచి, పాతది తీసేసి కొత్తది వేయండి.

అన్నీ చూశాక నిజంగా కార్డే పోయిందని తేలితే? వీలైతే తెలిసినవాళ్ల కంప్యూటర్‌లో పెట్టి చూసి, అప్పుడు దుకాణానికి వెళ్లండి. సింగపూర్‌లో 2012 సెప్టెంబరు నుంచి లెమన్ లా ఉంది. సరుకు అందిన ఆరు నెలల్లోపు లోపం బయటపడితే, అది అమ్మినప్పుడే ఉందని చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది అమ్మినవాళ్లే. ముందు బాగుచేయడమో మార్చివ్వడమో అడగాలి. అది కుదరకపోతే ధర తగ్గించమనో డబ్బు వెనక్కిమ్మనో అడగొచ్చు. అప్పటికీ తేలకపోతే స్మాల్ క్లెయిమ్స్ ట్రైబ్యునల్ ఉంది. 20,000 డాలర్ల దాకా వివాదాలు తీసుకుంటారు, లాయర్ అక్కర్లేదు. కానీ క్యారౌసెల్‌లో మామూలు మనిషి దగ్గర సెకండ్‌హ్యాండ్ కార్డు కొంటే ఈ లెమన్ లా వర్తించదు. చవక అనిపించినప్పుడు అది గుర్తుంచుకోండి. రసీదూ, ఖాళీ డబ్బాలూ కొన్నాళ్లు దాచండి. మా వాడు ఆ ఉత్సాహంలో డబ్బాలన్నీ చెత్తలో వేయబోతుంటే నేనే ఆపాను.

మొన్న వాడి స్నేహితుడు ఫోన్ చేశాడు. వాడిదీ కొత్త కంప్యూటరే, వాడిదీ నల్ల తెరే. వంటింట్లోకి మా అబ్బాయి మాట వినపడింది. "కార్డు పోయిందని నీకెలా తెలుసు? ఆగు, ముందు కేబుల్ ఎక్కడ పెట్టావో చెప్పు."

పోపు మాడుతున్నా కాసేపు అక్కడే నిలబడి విన్నాను.