మింగిన ముద్ద దిగకుంటే...

అన్నం ముద్ద గొంతు దాటుతుంది గానీ ఛాతీ మధ్యలో ఆగిపోతుంది. మంచినీళ్లు తాగినా అంతే. రాత్రి పడుకోగానే తిన్నది నోట్లోకి వచ్చేస్తుంది. గ్యాస్ అనుకుని చాలామంది నెలల తరబడి మాత్రలు వేసుకుంటారు. ఆ మాత్ర దిగడమే కష్టమైతే? అది అకలేషియా కావచ్చు.

అన్నవాహిక చివర బిగుతైన కండర వలయం ఉంటుంది. మింగినప్పుడు అది వదులై దారివ్వాలి. నాడీకణాలు దెబ్బతింటే అలా వదులవదు. 1674లో ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ ఇలాంటి రోగికి తిమింగలం నుంచి తీసిన పుల్ల చివర స్పాంజి కట్టి ఇచ్చాడు. తిన్నాక ఆ పుల్లతో అన్నాన్ని కిందికి తోసుకోవడమే వైద్యం!

ఇప్పుడు బెలూన్ ఉంది. ముందు ఎండోస్కోపీతో క్యాన్సర్ లేదని తేల్చుకుంటారు. బేరియం ఎక్స్‌రేలో అన్నవాహిక కొస పక్షిముక్కులా సన్నగా కనిపిస్తుంది. మానోమెట్రీ పరీక్షతో జబ్బు ఖాయమవుతుంది. తర్వాత మత్తిచ్చి, బెలూన్‌ను ఆ వలయం దగ్గరుంచి గాలి నింపుతారు. మొదట 30 మిల్లీమీటర్లు, చాలకపోతే మరోసారి 35, 40. కండర పోగులు చిట్లి దారి తెరుచుకుంటుంది. అరుదుగా అన్నవాహికకు చిల్లు పడొచ్చు. అందుకే ఇంటికెళ్లాక ఛాతీనొప్పి తగ్గకపోయినా, జ్వరం వచ్చినా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

2011 నాటి యూరప్ అధ్యయనంలో రెండేళ్ల తర్వాత బెలూన్‌తో 86 శాతం, ఆపరేషన్‌తో 90 శాతం మందికి ఉపశమనం నిలిచింది. 2008లో జపాన్‌లో మొదలైన ‘పోయెమ్’ను హైదరాబాద్‌లోనూ చేస్తున్నారు. ఇందులో నోటిద్వారా ఎండోస్కోప్ పంపి కండరాన్ని కోస్తారు. ఫలితం బాగుంటుంది కానీ పులితేన్పులు ఎక్కువ.

ఏ పద్ధతైనా పాడైన నాడీకణాలు తిరిగి రావు. బెలూన్ చేయించుకున్నాక కూడా నిదానంగా నమిలి తినాలి, తిన్న వెంటనే పడుకోకూడదు. ముద్ద మళ్లీ ఆగుతుంటే రెండోసారి బెలూన్ అవసరమవుతుంది.