నరికిన కొలది పెరుగు తుమ్మ

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో చెరువుగట్టు చూచినను, వాగు చూచినను, పశువుల బీడు చూచినను కంటికి మొదట తగులునది సర్కారుతుమ్మయే. మనవారు చిల్లచెట్టనియు నందురు. ఇది మన నేలను పుట్టినది కాదు. అమెరికా ఖండపు మెట్టభూములది. ఎండునేలలలో నాటుటకై దీని విత్తనములు కావలెనని 1876లో మద్రాసు అటవీశాఖాధికారి బెడ్డోము దొర వ్రాయగా, జమైకా నుండి వచ్చిన గింజలను 1877లో కడప జిల్లా కమలాపురమున నాటిరి. సర్కారు తెచ్చిన చెట్టు గనుకనే కాబోలు ఆ పేరు!

మేకలు దీని తియ్యని కాయలను ప్రీతితో తినును. గింజ కడుపులో నరుగక బయటపడి తొలకరికి మొలచును. మంద నడచిన దారియే దీనికి నారుమడి. ఇక నేలకు పైగా నరికితిమా, ఒక్క మ్రాను పోయి గుబురు లేచును. ఏటేట గట్టుమీది కంప కొట్టించుట, లెక్క వ్రాయుట, మరుసటి యేడు అదే గట్టున మరల కొట్టించుట మనకు పరిపాటియైనది. దీనిని నిర్మూలనమందుమా, చెట్టునకు క్షౌరమందుమా?

చిగురించు మొగ్గలు వేరుమొదట, నేలకు కొంచెము దిగువ నుండును. కావున జానెడు లోతునకు తక్కువ కాకుండ త్రవ్వి మొద్దుతో పెరుకవలెను. ఆపై రెండు మూడేండ్లు తొలకరి పిదప మొలకలను లేతగా నున్నప్పుడే పీకవలెను. ఖాళీయైన చోట వెంటనే కానుగ, వేప, చింత నాటవలెను. లేనిచో చిల్లచెట్టే తిరిగి వచ్చును. కొండకట్టెతో గరిటెలు చెక్కి పేరుపొందిన ఉదయగిరికి మంచి చెట్టు విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ కంపయే కొట్టి వంటచెరకుగా నమ్ముకొనువారు, బొగ్గు కాల్చి బ్రతుకువారు కలరు. వారి మాటేమి? ఒక్కమారుగ నంతయు పెరికివేయుడని మేమనము. చెరువులకు నీరు తెచ్చు కాలువలు, గట్లు, సాగునేలలు ముందు. బీళ్లలోని దట్టపు కంప తరువాత. పెరికిన మొద్దులును, కట్టెయు ఆ పనిచేసిన కూలీలకే దక్కవలెను. కాయలను ఏరి మరలో పిండి చేయించి దాణాలో మితముగ కలిపినచో గింజయు చచ్చును, పశువునకు మేతయు దొరకును.

చెరువు లెండియుండు వేసవియే దీనికి తగిన కాలము. గ్రామపెద్దలు కొలతలు తీయించునప్పుడు ఎన్ని చెట్లు నరికిరని గాక, ఎన్ని వేళ్లు పైకి వచ్చినవని అడుగవలెను. కూలి యా లెక్కకే ఈయవలెను.