గనికార్మికుల ఇంట కుంకుమపువ్వు రొట్టె

ఆంగ్లేయుల వంటకు రంగూ రుచీ లేవన్నది ఐరోపాలో వారి ఇరుగుపొరుగు జాతులు చిరకాలంగా చేస్తున్న పరిహాసం. దానికి సమాధానం వెదకదలచినవారు లండన్ హోటళ్లకు పోనక్కరలేదు. ఇంగ్లండుకు నైరుతి కొనన, సముద్రంలోకి చొచ్చుకుపోయిన కార్న్‌వాల్ ప్రాంతంలో ఒక సామాన్య గృహిణి వంటింట్లో అడుగుపెడితే చాలు. అక్కడ రొట్టె చేయదలచిన ముందురోజు రాత్రి చిన్న గిన్నెడు వేడినీటిలో చిటికెడు కుంకుమపువ్వు నానవేసి మూతపెడతారు. తెల్లవారేసరికి ఆ నీరు కరిగిన బంగారంలా ఉంటుంది. ఆ నీటితో పిండి కలిపి, ఈస్టుతో పొంగించి, ఎండుద్రాక్షలు చేర్చి కాల్చిన తీపి రొట్టె పేరు సాఫ్రన్ కేకు. అదే ముద్దను చిన్నచిన్న ఉండలుగా చేసి కాలిస్తే సాఫ్రన్ బన్నులు.

కేకు అన్న పేరు చూసి మోసపోరాదు. ఇది బాత్ బన్ను, చెల్సీ బన్ను, యార్క్‌షైర్ టీకేకుల కుటుంబానికి చెందిన రొట్టె. మామూలు రొట్టెపిండికే వెన్న, చక్కెర, ఎండుపళ్లు చేర్చి, ముక్కలు కోసి, వాటిపై మళ్లీ వెన్న రాసి సాయంకాలపు తేనీటితో తింటారు. ఇందులో వేసే నల్లని చిన్న ఎండుద్రాక్షను ఆంగ్లంలో కరెంట్ అంటారు. గ్రీసు దేశపు కొరింత్ నగరం పేరు నుండి వచ్చిన మాట అది. తెలుగింట ఆ మాట వాడితే అందరూ దీపం స్విచ్చి వైపు చూస్తారు గనుక ఎండుద్రాక్ష అనుకోవడమే క్షేమం.

విచిత్రమేమంటే కార్న్‌వాల్ ఎన్నడూ సంపన్నుల సీమ కాదు. తగరం, రాగి గనులలో ప్రాణాలకు తెగించి పనిచేసిన కూలీలు, చేపలు పట్టేవారు, చిన్న రైతులు అక్కడి జనం. అటువంటి ఇళ్లలోకి ప్రపంచంలోకెల్లా ఖరీదైన సుగంధద్రవ్యం ఎలా వచ్చింది? ప్రాచీన కాలంలో ఫినీషియన్ వర్తకులు తగరం కొనడానికి వచ్చి బదులుగా కుంకుమపువ్వు ఇచ్చారని అక్కడ ఒక కథ చెబుతారు. కథ అందంగా ఉంది. ఆధారం మాత్రం లేదు. చరిత్రకు తెలిసినంతవరకు మధ్యయుగాల నుండి ఇంగ్లండులోనే కుంకుమపువ్వు పండించేవారు. ఎసెక్స్‌లోని వాల్డెన్ పట్టణానికి ఆ పంట వల్లనే సాఫ్రన్ వాల్డెన్ అన్న పేరు స్థిరపడింది. 18వ శతాబ్దం ముగిసేనాటికి ఆ సాగు అంతరించింది. దానితోపాటే దేశంలోని తక్కిన వంటిళ్లూ కుంకుమపువ్వును మరచిపోయాయి. కార్న్‌వాల్ మరువలేదు.

రోజూ తినే తిండిగా కాక, ఈస్టరుకూ క్రిస్మసుకూ ఊరి వేడుకలకూ ఈ రొట్టె అక్కడ నిలిచింది. 19వ శతాబ్దంలో మెథడిస్టు ప్రార్థనాలయాల ఆదివారపు బడులు ఏటా వేసవిలో 'టీ ట్రీట్' అనే వేడుక జరిపేవి. పిల్లలు బ్యాండు వెనుక జెండాలతో ఊరేగి మైదానం చేరగానే ఒక్కొక్కరికి పళ్లెమంత సాఫ్రన్ బన్ను చేతికిచ్చేవారు. పన్నెండు నెలలూ పొదుపు తప్పని ఇళ్ల పిల్లలకు ఆ పసుపుపచ్చని బన్ను ఏమై ఉంటుందో, తిరునాళ్లలో బెల్లం జిలేబీ కోసం ఎదురుచూసిన వారెవరైనా ఊహించగలరు.

1866 ప్రాంతంలో రాగి ధరలు కూలిపోగా గనులు ఒకటొకటిగా మూతపడ్డాయి. వేలాది కుటుంబాలు దేశాంతరాలు పట్టాయి. దక్షిణ ఆస్ట్రేలియాలోని మూంటా, అమెరికాలో మిషిగన్ ఉత్తర భాగం, మెక్సికోలోని పచూకా అన్నీ కార్నిష్ గనికార్మికులు చేరిన చోట్లే. మిషిగన్‌లో సాఫ్రన్ బన్నులు వారి వెంటే స్థిరపడ్డాయి. ఆ వలసదారులలో కొందరు మన దేశానికీ వచ్చారు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ కోలారు బంగారు గనులను చేపట్టాక, భూగర్భంలో పని నడిపించడానికి కార్న్‌వాల్ నుండి అనుభవజ్ఞులను రప్పించింది. వారి కింద లోతుల్లో రాయి పగలగొట్టినవారిలో ఉత్తర ఆర్కాటు తమిళులతో పాటు చిత్తూరు ప్రాంతపు తెలుగువారూ ఉన్నారు. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. కార్న్‌వాల్‌లో చివరిదాకా పనిచేసిన తగరపు గని సౌత్ క్రాఫ్టీ అంతకు మూడేళ్ల ముందే, 1998లో మూతపడింది. రొట్టె మాత్రం ఇంకా కాలుతూనే ఉంది.

దీనిని ఇంట చేయడం కష్టం కాదు, కాని తొందర పనికిరాదు. పూర్వం ఇంగ్లండులో గృహిణులు సారా బట్టీల నుండి బీరు మీది నురుగు తెచ్చుకుని పిండి పులియబెట్టేవారు. 1843లో బర్మింగ్‌హామ్ రసాయనజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ బర్డ్, ఈస్టు పడని తన భార్య కోసం బేకింగ్ పౌడరు కనిపెట్టాడు. భార్యపై ప్రేమతో చేసిన ఆ పని ఎన్నో ఇళ్లలో ఈస్టు రొట్టెలకు ఎసరు పెట్టింది. మూడు నాలుగు గంటల పని గంటలో తేలిపోతుంటే కాదనేదెవరు? పౌడరుతో చేసినదీ తినడానికి బాగానే ఉంటుంది. అయితే అది పొడిపొడిగా రాలుతుంది. ఈస్టుతో పొంగినది పొరలుపొరలుగా సాగుతూ చీలుతుంది, నిదానంగా పులిసినందువల్ల కలిగే వాసన దానికి ఉంటుంది.

450 గ్రాముల మైదాకు అర గ్రాము కుంకుమపువ్వు చాలు. అంటే సుమారు 75 పువ్వుల కేసరాలు. వాటి రంగు నీటిలో కరిగేదే తప్ప కొవ్వులో కరిగేది కాదు. అందుకే రాత్రి నీటిలో నానవేయడం, వెన్నలో వేయకపోవడం. 100 గ్రాముల వెన్న, 85 గ్రాముల చక్కెర, 170 గ్రాముల ఎండుద్రాక్ష, 15 గ్రాముల తాజా ఈస్టు లేదా 7 గ్రాముల ఎండు ఈస్టు, ఒక చెంచా ఉప్పు, కాచి చల్లార్చిన పాలు. కుంకుమపువ్వు నీరూ పాలూ కలిసి సుమారు 250 మిల్లీలీటర్లకు మించరాదు. కార్న్‌వాల్‌లో వెన్నతో పాటు పందికొవ్వు కూడా వాడేవారు. వెన్న ఒక్కటే అయినా లోటు లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చక్కెర ఎక్కువైతే ఈస్టు కణాలలోని నీటిని లాగివేసి వాటిని మందగింపజేస్తుంది. వెన్న పిండిలోని జిగురు పోగులను కప్పి సాగనివ్వదు. కనుక అన్నీ ఒకేసారి కలిపితే ముద్ద బండరాయిలా కూర్చుంటుంది. అనుభవజ్ఞులు ముందు గోరువెచ్చని పాలలో ఈస్టు, ఒక చెంచా చక్కెర, గుప్పెడు పిండి కలిపి అరగంట ఉంచుతారు. అది నురగలు కట్టాక తక్కిన పిండి, ఉప్పు, వెన్న, చక్కెర చేర్చి, కుంకుమపువ్వు నీటిని కేసరాలతో సహా పోసి, పది నిమిషాలు బాగా మర్దించాలి. ముద్ద నునుపెక్కిన తరువాతే ఎండుద్రాక్ష కలపాలి.

ఇడ్లీపిండి పులియబెట్టడం తెలిసిన చేతులకు తక్కినది కొత్త కాదు. అక్కడ పనిచేసేవి ప్రధానంగా బ్యాక్టీరియా, ఇక్కడ ఈస్టు, అంతే తేడా. ఇంగ్లండులో ముద్దను పొయ్యి పక్కన వెచ్చగా పెట్టి రెండు గంటలు కాచుకోవాలి. ఆంధ్ర దేశపు ఎండాకాలంలో బాధ అందుకు విరుద్ధం. గది మరీ వేడిగా ఉంటే ముద్ద త్వరగా పొంగి పుల్లబడుతుంది, వెన్న కరిగి పైకి తేలి చేతికి జిడ్డుగా తగులుతుంది. వేసవిలో తెల్లవారుజామునే పని మొదలుపెట్టడం మేలు. గడియారం కంటే ముద్దనే నమ్మాలి. రెట్టింపు కాగానే మెల్లగా నొక్కి గాలి తీసి, వెన్న రాసిన అచ్చులో వేసి, మళ్లీ ముప్పావు గంట పొంగనివ్వాలి. 190 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు ముప్పావు గంటలో కాలుతుంది. బన్నులకు ఇరవై నిమిషాలు చాలు. అడుగున వేలితో తట్టితే డొల్ల శబ్దం రావాలి.

ఈనాడు అంగళ్లలో అమ్ముడుపోయే సాఫ్రన్ బన్నులలో చాలావాటికి పసుపు రంగు సీసా నుండే వస్తుంది. కుంకుమపువ్వు వెల చూస్తే రొట్టె దుకాణదారును మరీ నిందించలేము. ఈ కల్తీ కొత్తదీ కాదు. 1444లో జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరంలో నకిలీ కుంకుమపువ్వు అమ్మిన వర్తకుణ్ణి అతని సరకుతో సహా దహించారు. కాశ్మీరులోని పాంపోరు పువ్వు పేరిట కుసుమపువ్వు అంటగట్టేవారు మన బజార్లలోనూ కనిపిస్తారు. వేడినీటిలో వేయగానే రంగంతా ఒక్కసారిగా దిగి, కేసరం తెల్లబడితే దానిని అనుమానించవలసిందే. అసలుది నిదానంగా రంగు వదలుతూ తాను ఎర్రగానే ఉంటుంది.

కాల్చిన రోజే ఈ రొట్టెను కోయరాదని కార్నిష్ ఇళ్లలో పట్టింపు. వెచ్చని వాసన ఇల్లంతా కమ్ముకున్నా మరునాటి వరకు గుడ్డ చుట్టి ఉంచుతారు. అప్పటికి లోపలి తడి సమంగా పరచుకుని, ముక్క చక్కగా కోసుకుంటుంది, వాసన కూడా నిలకడ చెందుతుంది. మరునాడు కోసిన ముక్కను వెలుతురుకు ఎత్తిపడితే పసుపుపచ్చని రొట్టెలో అక్కడక్కడ సన్నని ఎర్రని పోగులు కనిపిస్తాయి. కుంకుమపువ్వు నీటిని వడకట్టకుండా పోసినది అందుకే.