పేరు ఒకటే, విలువ ఎవరిది?

సామర్లకోటవాసి తన ఊళ్లో "భీమవరం" అంటే కుమారారామ భీమేశ్వరాలయమున్న చోటని అర్థం. ఊరు దాటితే అదే మాటకు పశ్చిమ గోదావరిలోని పట్టణమని అర్థం. ఇక్కడ వ్రాసిన ఉత్తరాన్ని రాజమండ్రిలో విప్పి చదివినా, అందులోని భీమవరం వ్రాసిన చోటిదే గాని చదివిన చోటిది కాదు.

అనేక కంప్యూటరు భాషలలోనూ న్యాయమిదే. 1960 నాటి ఆల్గాల్, 1970లో నిక్లాస్ విర్త్ ప్రకటించిన పాస్కల్, తదుపరి వచ్చిన అడా భాషలలో ఒక ఉపప్రోగ్రాము లోపల మరొక ఉపప్రోగ్రామును వ్రాయవచ్చును. లోపలిదానిలో ఒక పేరు నిర్వచింపబడకపోతే దానిని చుట్టియున్నదానిలో వెదకాలి. దానిని పిలిచినదానిలో కాదు.

ప్రోగ్రామును నడుమ ఆపి విలువలు చూపే డీబగ్గరు కూడా ఈ నియమాన్నే పాటించాలి. అయితే ఇక్కడొక చిక్కున్నది. ప్రతి పిలుపుకూ మెమరీలో ఒక ఫ్రేము ఏర్పడుతుంది. బయటి ఉపప్రోగ్రాము తన్ను తానే పలుమార్లు పిలుచుకొంటే, ఒకే పేరుకు ఒక్కొక్క ఫ్రేములో ఒక్కొక్క విలువ ఉంటుంది. వానిలో చివరిదే సరియైనదనుకోరాదు. లోపలిది ఏ ఫ్రేముకు చెందినదో తెలిపే గుర్తే స్టాటిక్ లింకు. డీబగ్గర్లకు కంపైలరు అందించే సమాచారాన్ని నిర్దేశించే డ్వార్ఫ్ ప్రమాణంలో దీనికి ప్రత్యేక స్థానం కల్పించారు.

ఆ గుర్తు లేనిచోట డీబగ్గరు ఊహించి విలువ చూపడం కన్న "తెలియదు" అనడమే మేలని నా అభిప్రాయం. తప్పు విలువను నమ్మిన విద్యార్థి, తాను సరిగా వ్రాసిన వాక్యాన్నే చెరిపివేస్తాడు.

నేటి విద్యార్థులు నేర్చే పైథాన్‌లో దీనిని పరీక్షించవచ్చు. లోపలి ఫంక్షన్ వాడుకోని బయటి పేరును పీడీబీలో అడిగితే, అటువంటి పేరే లేదని జవాబు వస్తుంది. అదే పేరు గ్లోబల్‌గా కూడా ఉంటే దాని విలువను చూపుతుంది. ఒక మెట్టు పైకెళితే కనిపించేది పిలిచిన ఫంక్షన్. అది చుట్టియున్న ఫంక్షన్ కాకపోవచ్చు.

కావున కళాశాల కమిటీవారు అంతర్గత ప్రయోగ పరీక్షలలో ప్రోగ్రాము వ్రాయడానికే గాక, దానిని ఆపి పరిశీలించడానికీ మార్కులు కేటాయించాలని నా మనవి. విద్యార్థి మిత్రులు తెరపై కనిపించిన ప్రతి విలువనూ, ఇది ఏ ఫ్రేములోనిదని విచారించిన పిమ్మటనే ప్రోగ్రామును దిద్దుదురుగాక.